క్రూజ్ ఓడ మీద కట్టిన రంగు జెండాలను చదవడం ఎలా

చెన్నైలోనో విశాఖలోనో క్రూజ్ ఎక్కి కడపకో కర్నూలుకో అనంతపురానికో తిరిగొచ్చినవాళ్ళ ఫోన్లలో ఒక ఫొటో మాత్రం తప్పకుండా ఉంటుంది. స్విమ్మింగ్ పూల్ మీదుగా రంగురంగుల జెండాల తోరణం, దాని కింద ఇంటిల్లిపాదీ. ఆ జెండాలు ఏ దేశాలవో అని వెతికితే దొరకవు. అవి అంతర్జాతీయ సంకేత జెండాలు. ఒక్కో జెండా ఒక ఇంగ్లీషు అక్షరం, లేదా ఒక అంకె. కాబట్టి వాటిని చదవొచ్చు. ఒక సాయంత్రం ఓపిగ్గా కూర్చుంటే మీ ఫొటోలోని తోరణం ఏం చెబుతోందో, అసలు ఏమైనా చెబుతోందో లేదో తేలిపోతుంది.

పూర్తి సెట్టులో 40 జెండాలుంటాయి: అక్షరాలకు 26, అంకెలకు 10, ముందు వచ్చిన జెండాకు బదులుగా వాడేవి 3, సంకేతం అందిందని చెప్పే జవాబు జెండా 1. 1857లో బ్రిటన్‌లో అచ్చయిన ఈ జెండాల కోడ్ తొలి రూపంలో 18 జెండాలే ఉండేవి, అచ్చులకు జెండాలే లేవు. బూతుమాటలు ఏర్పడకుండా ఉండాలని అచ్చులను కావాలనే వదిలేశారు. ఇప్పుడు వాడుకలో ఉన్న కోడ్ 1965లో ఆమోదం పొంది, 1969 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రపంచంలో ఏ ఓడ మీదైనా ఇదే.

ముందు ఫొటోను సరిచూసుకోండి

సెల్ఫీ కెమెరా కొన్ని ఫోన్లలో ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పి దాచుకుంటుంది. అలాంటి ఫొటోలో చాలా జెండాలు తప్పు చదువుతారు. అదే ఫొటోలో ఇంకేదైనా రాత ఉందేమో చూడండి. నీళ్ళలో పడ్డవాళ్ళకు విసిరే లైఫ్‌బాయ్ చక్రం మీద ఓడ పేరు, తలుపు మీద నంబరు, టీషర్టు మీద అక్షరాలు, ఏదైనా సరే. అది తిరగబడి ఉంటే గ్యాలరీలో ఎడిట్‌లోకి వెళ్ళి ఫ్లిప్ చేయండి.

తర్వాత రంగులు. ఈ సెట్టులో ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు తప్ప ఇంకో రంగు లేదు. ఆకుపచ్చ కనిపిస్తే అది సంకేత జెండా కాదు. ఏదో దేశపు జెండా కావొచ్చు, అలంకారానికి కట్టిన గుడ్డ కావొచ్చు. దాన్ని లెక్కలోంచి తీసేయండి. ఎండకు వెలిసిన పసుపు తెల్లగా కనబడుతుంది, రాత్రి డెక్ లైట్లలో నీలం నల్లగా కనబడుతుంది. అందుకే పగలు తీసిన ఫొటో మేలు. గాలికి జెండా మడత పడుతూ ఉంటుంది గనక ఇంకా ఓడలోనే ఉన్నవాళ్ళు ఒకే చోట నిలబడి నాలుగైదు ఫొటోలు వరసగా తీయండి. ఒకదాంట్లో కనపడని మూల ఇంకోదాంట్లో దొరుకుతుంది.

ఆకారం చూసి విడదీయండి

రంగుల జోలికి పోకముందు ఆకారాలు చూడండి. చదరపు జెండాలన్నీ అక్షరాలు. చివర చీలి రెండు తోకలున్నవి రెండే, ఏ, బి. అవీ అక్షరాలే. తాడు దగ్గర వెడల్పుగా మొదలై కొసకు సన్నబడుతూ పొడుగ్గా ఉండేవి పెనంట్లు. అవి అంకెలు, వాటితోపాటు జవాబు జెండా. కొస మొనదేలిన ముక్కోణాలు మూడు, అవి బదులు జెండాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ తోరణం ఏమైనా చెబుతోందా? ఓడ ముక్కు నుంచి స్తంభాల మీదుగా వెనక కొస దాకా జెండాలు కట్టడాన్ని ఓడను అలంకరించడం అంటారు. పండగ రోజుల్లో అలా కడతారు. మన నౌకాదళం ఓడలకు ఆగస్టు 15న, జనవరి 26న ఈ అలంకారం ఉంటుంది. ఆ వరసకు అర్థం ఉండదు. ఏ మాటా ఏర్పడకుండా, రంగులు చెదిరి అందంగా కనబడేలా కూర్చిన వరస అది. బాగా ప్రచారంలో ఉన్న ఒక వరస ఇలా మొదలవుతుంది: ఏ, బి, 2; యు, జె, 1; కె, ఇ, 3; జి, హెచ్, 6; ఐ, వి, 5; ఎఫ్, ఎల్, 4; డి, ఎం, 7. రెండు చదరపు జెండాలు, ఒక పొడుగు జెండా, మళ్ళీ రెండు చదరాలు, ఒక పొడుగు. మీ ఫొటోలో ఈ లయ కనిపిస్తే మాట కోసం వెతకొద్దు. జెండాలను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి మాత్రం అంతకన్నా మంచి ఫొటో ఉండదు, దాదాపు సెట్టు మొత్తం అందులో ఉంటుంది కాబట్టి. నౌకాదళం ఓడల మీద ఈ 40కి బయటి జెండాలు కూడా ఉంటాయి. పట్టికలో లేనిది కనపడితే అక్కడే ఆగిపోవద్దు.

వరసలో అక్షరాల జెండాలే ఉండి, నాలుగు నుంచి పది లోపు ఉంటే మాట అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు అచ్చుల కోసం చూడండి. ఏ: చీలిన కొస, తెలుపు నీలం. ఇ: పైన నీలం, కింద ఎరుపు. ఐ: పసుపు మీద నల్ల చుక్క. ఓ: మూల నుంచి మూలకు ఎరుపు పసుపు. యు: ఎరుపు తెలుపు నాలుగు గళ్ళు. ఈ ఐదూ వస్తే చాలు, సగం పని అయిపోయినట్టే. ఏడెనిమిది జెండాల్లో ఒక్క అచ్చు కూడా లేకపోతే దాన్ని కట్టినవాళ్ళు రంగులు చూసి కట్టారు, అక్షరాలు చూసి కాదు. లిఫ్టు గోడల మీద, దిండ్ల మీద, కప్పుల మీద ఉండేవి ఎక్కువగా ఈ బాపతే.

తాడుకు ఏ అంచు కట్టారో చూడండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. జెండాకు తాడు వైపు అంచు ఎడమ పక్కన, ఎగిరే వైపు కుడి పక్కన ఉన్నట్టు అనుకొని కింది వివరాలన్నీ రాశాం. ఓడ స్తంభం మీద నిలువు తాడుకు కట్టినప్పుడు ఇది తేలిక, పై నుంచి కిందికి చదవడమే.

డెక్ మీద అడ్డంగా కట్టిన తోరణం రెండు రకాలు. దుకాణంలో కొన్న తోరణంలో జెండా పై అంచు తాడుకు కుట్టి ఉంటుంది, అది నేరుగా ఎడమ నుంచి కుడికి చదవొచ్చు. నిజం జెండాలను తెచ్చి కట్టినప్పుడు తాడు వైపు అంచే పైకి వస్తుంది, జెండా మొత్తం పక్కకు తిరిగి వేలాడుతుంది. అప్పుడు నిలువు చారలు అడ్డంగా, అడ్డ చారలు నిలువుగా కనబడతాయి. పక్కపక్కన ఉండాల్సిన హెచ్‌లోని తెలుపు, ఎరుపు ఒకదాని కింద ఒకటి కనబడతాయి. ఫొటోను ఎడమవైపుకు ఒక మలుపు తిప్పితే తాడు ఎడమ పక్కకు వస్తుంది. మాట పై నుంచి కిందికి చదవండి. అర్థం రాకపోతే మీరు జెండాలను వెనకవైపు నుంచి చూస్తున్నారన్నమాట. అప్పుడు కింది నుంచి పైకి చదవండి. వరసలో ఇ ఉంటే ఈ తిప్పలేవీ లేవు. దాని నీలం ఎటు ఉంటే మాట అటు నుంచి మొదలవుతుంది.

అక్షరాలు

ఏ నుంచి జెడ్ వరకు బట్టీ పట్టడం కన్నా నమూనా చూసి గుర్తుపట్టడం త్వరగా వస్తుంది. కంటికి ముందు కనబడేది నమూనాయే.

ఒకే రంగు: మొత్తం పసుపు క్యూ. మొత్తం ఎరుపు, కొస చీలి ఉంటే బి.

రెండు సగాలు: తాడు వైపు తెలుపు, ఎగిరే వైపు నీలం, కొస చీలి ఉంటే ఏ. తెలుపు, ఎరుపు అయితే హెచ్. పసుపు, నీలం అయితే కె. పైన నీలం, కింద ఎరుపు ఇ. ఓ ఐమూలగా ఉంటుంది: పైన ఎగిరే వైపు ఎరుపు, కింద తాడు వైపు పసుపు.

చారలు: అడ్డ చారలు ఐదు, నీలం తెలుపు ఎరుపు తెలుపు నీలం వరసలో ఉంటే సి. మూడే ఉండి నీలం తెలుపు నీలం అయితే జె, పసుపు నీలం పసుపు అయితే డి. డిలో మధ్య నీలం వెడల్పు. నిలువు చారలు మూడు, తాడు వైపు నుంచి ఎరుపు తెలుపు నీలం అయితే టి. ఆరు నిలువు చారలు, తాడు దగ్గర పసుపుతో మొదలై పసుపు నీలం మారుతూ పోతే జి. పసుపు ఎరుపు ఏటవాలు చారలు వై. టిని చూసి ఫ్రాన్స్ జెండా అనుకునేవాళ్ళు చాలామంది. ఫ్రాన్స్ జెండాలో తాడు వైపు నీలం ఉంటుంది.

ప్లస్ గుర్తు: ఎరుపు మీద పసుపు ఆర్, తెలుపు మీద నీలం ఎక్స్. ఇంటూ గుర్తు: నీలం మీద తెలుపు ఎం, తెలుపు మీద ఎరుపు వి.

నడుమ ఒకే బొమ్మ: తెలుపు మీద ఎరుపు డైమండ్ ఎఫ్. పసుపు మీద నల్ల చుక్క ఐ. నీలం నడుమ తెల్ల చదరం పి, తెలుపు నడుమ నీలం చదరం ఎస్. ఈ రెండూ తారుమారు అవుతూనే ఉంటాయి. బయటి రంగు చూసి ఖాయం చేసుకోండి. బయట నీలం, లోపల తెలుపు, నట్టనడుమ ఎరుపు ఉంటే డబ్ల్యూ.

గళ్ళు: పసుపు నలుపు నాలుగు గళ్ళు ఎల్, తాడు వైపు పై గడి పసుపు. ఎరుపు తెలుపు నాలుగు గళ్ళు యు, తాడు వైపు పై గడి ఎరుపు. నీలం తెలుపు పదహారు గళ్ళు ఎన్. నాలుగు మూలల నుంచి నడిమికి వచ్చి కలిసే నాలుగు త్రికోణాలు జెడ్: తాడు వైపు నలుపు, పైన పసుపు, ఎగిరే వైపు నీలం, కింద ఎరుపు.

అంకెల పెనంట్లు త్వరగా చెప్పేస్తాం. 1 తెలుపు మీద ఎరుపు చుక్క. 2 నీలం మీద తెల్ల చుక్క. 3 ఎరుపు తెలుపు నీలం నిలువుగా. 4 ఎరుపు మీద తెల్ల ప్లస్. 5 పసుపు నీలం నిలువుగా. 6 పైన నలుపు, కింద తెలుపు. 7 పైన పసుపు, కింద ఎరుపు. 8 తెలుపు మీద ఎరుపు ప్లస్. 9 నాలుగు గళ్ళు: పైన తెలుపు నలుపు, కింద ఎరుపు పసుపు. సున్నా పసుపు ఎరుపు పసుపు నిలువుగా. ఎరుపు తెలుపు మారుతూ ఐదు నిలువు చారలుంటే అది జవాబు జెండా, అంకె కాదు. 3కూ టికీ రంగులు, వరస ఒకటే. వాటిని విడదీసేది ఆకారం ఒక్కటే.

బదులు జెండాలు

ఓడలో మామూలుగా ఒకే సెట్టు ఉంటుంది. ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండో జెండా ఎక్కడిది? దానికే ఈ ముక్కోణాలు. నీలం అంచు, లోపల పసుపు ఉన్నది మొదటిది. తాడు వైపు నీలం, కొస వైపు తెలుపు ఉన్నది రెండోది. తెలుపు మీద నల్ల అడ్డపట్టీ ఉన్నది మూడోది. మొదటిది ఆ వరసలోని మొదటి జెండాను మళ్ళీ చెబుతుంది, రెండోది రెండో స్థానంలోని దాన్ని, మూడోది మూడో స్థానంలోని దాన్ని. ఒక వరసలో ఒక్కోదాన్ని ఒక్కసారే వాడాలి.

మన పేర్లతో చూస్తే వెంటనే పట్టుబడుతుంది. రెడ్డిని ఇంగ్లీషులో ఐదు అక్షరాలతో రాస్తాం: ఆర్, ఇ, డి, డి, వై. రెండో డి స్థానంలో మూడో బదులు జెండా వస్తుంది, ఎందుకంటే మొదటి డి మూడో స్థానంలో ఉంది. అమ్మ: ఏ, ఎం, రెండో బదులు, మొదటి బదులు. బుజ్జి: బి, యు, జె, మూడో బదులు, ఐ. అంకెలకూ అంతే. 2025 అంటే 2, 0, మొదటి బదులు, 5.

కర్నూలు దగ్గర చిక్కు వస్తుంది. ఇంగ్లీషులో అందులోని రెండు ఓలు ఐదు, ఆరు స్థానాల్లో పడతాయి. ఐదో స్థానాన్ని మళ్ళీ చెప్పే బదులు జెండా లేదు. రెండో ఓ జెండా కావాల్సిందే. కడపలో ఏ మూడుసార్లు వస్తుంది. రెండో ఏకు రెండో బదులు సరిపోతుంది, మూడోదానికి మాత్రం ఇంకో ఏ వెతుక్కోవాలి.

క్రూజ్ అలంకారాల్లో ఈ నియమం పాటించేవాళ్ళు తక్కువ, ఒకే అక్షరం జెండాను రెండుసార్లు కట్టేస్తారు. ఉదాహరణకు ఒక డెక్ తోరణంలో ఎడమ నుంచి కుడికి ఇలా ఉందనుకోండి: నీలం తెలుపు ఎరుపు పెట్టెలు ఒకదాంట్లో ఒకటి; పైన నీలం, కింద ఎరుపు; పసుపు నలుపు నాలుగు గళ్ళు; ఐదు అడ్డ చారలు; ఐమూల ఎరుపు పసుపు; నీలం మీద తెల్ల ఇంటూ; మళ్ళీ పైన నీలం, కింద ఎరుపు. డబ్ల్యూ, ఇ, ఎల్, సి, ఓ, ఎం, ఇ. వెల్‌కమ్. రెండో ఇ దగ్గర రెండో బదులు జెండా ఉండి ఉంటే కట్టింది పని తెలిసిన నావికులని అర్థం.

స్తంభం మీద విడిగా ఎగిరేవి

తోరణాన్ని వదిలేసి, ఓడ నడిపే బ్రిడ్జి పైన ఉన్న స్తంభం వైపు చూడండి. అక్కడ ఒకటో రెండో జెండాలు విడిగా ఉంటే అవి నిజంగా మాట్లాడుతున్నాయి. రేవు దాటేటప్పుడు ఎర్ర తెల్ల హెచ్ ఉంటే పైలట్ ఓడ మీద ఉన్నాడని. ఈ పైలట్ రేవు దారులన్నీ తెలిసిన నావికుడు. జి ఉంటే పైలట్ కావాలని. రేవులో పి ఎగిరితే ఓడ బయలుదేరబోతోంది, అందరూ ఎక్కండి అని. ఊరు చూడటానికి దిగినవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన జెండా ఇది. ఎర్ర బి ఉంటే ప్రమాదకర సరుకు ఉందనో, ఎక్కిస్తున్నారనో, దింపుతున్నారనో. ఇంధనం నింపుకొనేటప్పుడు ఎక్కువగా కనబడుతుంది. పసుపు క్యూ: మా ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, రేవులోకి అనుమతి ఇవ్వండి. ఆర్‌కు మాత్రం ఒంటరిగా అర్థం లేదు.

రెండు అక్షరాలు కలిస్తే అర్థం వేరే. యు, డబ్ల్యూ కలిపి ఎగరేస్తే మీ ప్రయాణం హాయిగా సాగాలని. ఎన్ కింద సి ఉంటే ఆపదలో ఉన్నాం, వెంటనే సాయం చేయండని. ఏ కింద సి ఉంటే ఓడను వదిలేస్తున్నామని. ఎం అక్షరంతో మొదలయ్యే మూడక్షరాలు వైద్యానికి సంబంధించినవి. ఎం, ఏ, ఏ అంటే అత్యవసరంగా వైద్య సలహా కావాలని.

వెనక కొసన ఎగిరే పెద్ద జెండా ఈ లెక్కలోది కాదు. ఓడ ఏ దేశంలో రిజిస్టర్ అయిందో చెప్పే జెండా అది. చెన్నైలో ఎక్కిన ఓడ మీద బహామాస్ జెండానో పనామా జెండానో ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. మన దేశపు వాణిజ్య ఓడలైతే ఎర్ర గుడ్డ, దాని పై మూలలో మువ్వన్నెల జెండా.

మీ పేరుతో తోరణం కుట్టించాలంటే

పుట్టినరోజుకో స్కూలు వార్షికోత్సవానికో ఇది చక్కగా పనికొస్తుంది. ముందు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని పై నియమంతో బదులు జెండాలు ఎక్కడ వస్తాయో గుర్తుపెట్టుకోండి. తర్వాత రంగులు లెక్కేయండి. నలుపు ఐ, ఎల్, జెడ్‌లలోనూ, 6, 9 పెనంట్లలోనూ, మూడో బదులు జెండాలోనూ మాత్రమే ఉంటుంది. మీ పేరులో ఇవి లేకపోతే నల్లగుడ్డ కొనొద్దు.

జెండా పన్నెండు అంగుళాల చదరం అనుకుంటే, కుట్టుకు అరంగుళం చొప్పున చుట్టూ వదిలి పదమూడు అంగుళాల ముక్క కత్తిరించాలి. 44 అంగుళాల పన్నా గుడ్డ ఒక మీటరులో అలాంటివి తొమ్మిది వస్తాయి. సగం సగం జెండాలకు పదమూడు బై ఏడు ముక్కలు రెండు. ఆరు కాదు, ఏడు. నడిమి కుట్టులో రెండు ముక్కలూ చెరో అరంగుళం పోగొట్టుకుంటాయి, బయటి అంచు మడతకు మరో అరంగుళం పోతుంది. పాప్లిన్ తేలిగ్గా ఎగురుతుంది, దళసరి గుడ్డ వేలాడుతుంది. ఎరుపు, నీలం గుడ్డలను కత్తిరించకముందే తడిపి ఆరేయండి. లేకపోతే మొదటి వానకే రంగు తెలుపులోకి దిగుతుంది, కుట్టు దగ్గర ముడుచుకుపోతుంది.

టైలర్‌కు ప్రతి జెండా బొమ్మ గీసి, తాడు వైపు అంచుకు బాణం గుర్తు పెట్టి ఇవ్వండి. నోటితో చెబితే హెచ్, కె, టి తిరగబడతాయి. ఫ్లెక్స్ షాపులో రెండు వైపులా ప్రింట్ చేయిస్తే ఇంకో చిక్కు. రెండు వైపులకూ ఒకే ఫైలు వాడితే వెనకవైపున తాడు అంచు తప్పు పక్కకు పోతుంది. వెనకవైపు ప్రింటుకు ఫైలును అద్దంలోలా తిప్పించాలి. గుడ్డను కుట్టి చేసిన జెండాకు ఈ బాధ లేదు, రెండు వైపులా తాడు అంచు ఒకటే.

ఇంటి ముందు కట్టుకుంటే ఏ పేరైనా ఫర్వాలేదు. గండికోట దగ్గరో అవుకు రిజర్వాయర్లోనో బోటుకు కట్టాలనుకుంటే మాత్రం ఎన్ పక్కన సి రాకుండా, ఓ, వి విడిగా ఎగరకుండా చూసుకోండి. ఓ అంటే మనిషి నీళ్ళలో పడ్డాడని, వి అంటే సాయం కావాలని. ఆపద లేకుండా ఎన్, సి ఎగరేయడాన్ని 1972 నాటి సముద్రయాన నియమాలు నిషేధించాయి. చెరువులో ఆ నియమం వర్తించకపోయినా, గట్టు మీద నిలబడి చూసేవాళ్ళలో ఓడల మీద పనిచేసినవాళ్ళు ఉండొచ్చు. వాళ్ళు దాన్ని నిజమే అనుకొని పరుగెత్తుకొస్తారు.